మూత కింద అన్నం

మామగారు పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. మా దుకాణం పక్కన ఇత్తడి సామాన్లు అమ్మే ఆయన భార్య తరగతి గుమ్మంలో నిలబడి, రొప్పుతూ, "సేటు కూసున్నకాడ్నే ఒరిగిండమ్మా, జెల్ది రా" అంది. నేను ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. బోర్డు మీద వాక్యం సగంలో ఉంది. దాన్ని అలాగే వదిలేసి చౌరస్తా దాకా ఎలా నడిచానో గుర్తులేదు. నేను చేరేసరికి ఆయన్ని దుకాణంలోనే ఒక కొత్త జంపఖానా మీద పడుకోబెట్టారు. ఎవరో గిరాకీకి చూపించడానికి ఆయనే పరిచినదట. కళ్లద్దాలు ఇంకా ముక్కు మీదే ఉన్నాయి. వాటిని తీయడానికి ఎవరికీ చేయి రాలేదు. నేనే తీశాను.

కొత్తవాడ నేతగాళ్ల దగ్గర జంపఖానాలు కొని చౌరస్తాలో అమ్ముకున్న ఒక వ్యాపారి గురించి మాకెందుకు చెబుతున్నావని పాఠకులు అడగవచ్చు. ఆయన నా భర్త తండ్రి, నాకు ఇంగ్లీషు నేర్పిన గురువు కూడా. ఒకే ఇంటి కోడలిగా ఇన్నేళ్లు ఉన్నా ఆయన ముఖం నాకు సరిగ్గా తెలియదంటే నమ్ముతారా? వీపు తెలుసు. మెడ మీది మడత తెలుసు, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ తెలుసు, గొంతు తెలుసు. కళ్లద్దాలు తీసిన ఆ పూటే ఆయన ముఖాన్ని ఎదురుగా, తీరిగ్గా చూశాను. నా భర్త ముఖం కూడా అందులో కొంచెం కనిపించింది. చప్పున కళ్లు తిప్పుకున్నాను.

మా ఇళ్లలో కోడలు మామగారి ఎదుట కూర్చోదు. అందుకని ఆయన ఒక ఏర్పాటు చేశారు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవారు. నేను గడప లోపల, తలుపు చాటున, ఆయన వీపు కనబడేలా కూర్చునేదాన్ని. నా గాజుల చప్పుడు వినబడగానే "వచ్చినవా బిడ్డా" అనేవారు. పాఠం మొదలైనట్టు లెక్క. ఆయన వీధితో మాట్లాడుతున్నట్టు చెప్పేవారు, నేను చీకటి గదిలోంచి జవాబిచ్చేదాన్ని. దారిన పోయేవాళ్లకు మాత్రం ఒక పెద్దమనిషి తనలో తాను ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. సేటుకు జర తిక్క లేచిందని నవ్వుకుంటూ పోయేవాళ్లు. "నవ్వనీ బిడ్డా, మనదేం పోతాంది" అనేవారు వెనక్కి తిరగకుండా.

ఆయన బడిలో చదివింది ఉర్దూ. ఇంగ్లీషు, రైల్వే దొరల బంగళాలకు జంపఖానాలు మోసుకుపోయి, వాకిళ్లలో నిలబడి చెవితో పట్టుకున్నది. ఒక దొర ఊరు విడిచిపోతూ సామాను అమ్మేసినప్పుడు జనం కుర్చీలకూ మంచాలకూ ఎగబడితే, మామగారు దిండంత నిఘంటువు ఒకటి నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చారట. "మంచం తెమ్మని పంపితె పుస్తకం తెచ్చిండు, దాని మీదనే పండుకొమ్మన్న" అని అత్తగారు బతికున్నన్నాళ్లూ దెప్పేది.

వ్యాకరణం జోలికి ఆయన పోయేవారు కాదు. చంటిపిల్లలు కూడా పలికే చిన్న క్రియను ఒకదాన్ని తీసుకొని, రోజుల తరబడి దాన్నే అటూ ఇటూ తిప్పేవారు. గో, గివ్, టేక్. పెద్ద పెద్ద క్రియలు ముస్తాబై వచ్చే చుట్టాలని, ఇంట్లో పని చేసేవి ఈ చిన్నవేనని ఆయన నమ్మకం. "మంచి జంపఖానాకు రెండు మొఖాలు ఒక్కతీరుగుంటయి బిడ్డా. ఇటు పరిచినా అదే పువ్వు, అటు పరిచినా అదే పువ్వు. మాట గట్ల కాదు. తిప్పి చూస్తె ఎనుక వేరే రంగుంటది. ఎనుక చూడకుంట మాటను ఇంట్లకు తేవద్దు" అనేవారు. వెనక రంగు అంటే ఆ మాట పుట్టుక. ఏ దేశంలో పుట్టింది, ఎవరి వెంట వచ్చింది, మొదట ఏమని అర్థం, ఇవన్నీ నిఘంటువులో వెతికి చెప్పేదాకా ఆ క్రియను వదిలేవారు కాదు.

ఇక ఆ పళ్లెం సంగతి చెప్పాలి. దాన్ని వదిలేస్తే మామగారి గురించి ఏమీ చెప్పనట్టే.

ఆ ఇంటికి వచ్చేనాటికే నాకు పుట్టిల్లు లేదు. తల్లీ తండ్రీ పోయాక మేనమామ పెంచి, పెళ్లి చేసి, చేతులు దులుపుకున్నాడు. నా భర్తతో కాపురం చేసింది కొద్ది నెలలే. ఆయనకు దుకాణంలో కూర్చోవడం పడలేదు. తండ్రి నేర్పిన ఇంగ్లీషుతో పలటన్‌లో గుమాస్తా పని సంపాదించుకున్నారు. యుద్ధం బర్మా వైపు సాగుతున్న రోజులు. "తుపాకి పట్టే పని గాదమ్మా, సామాన్లు రాసుకునే పని" అని తల్లికి నచ్చజెప్పి రైలెక్కారు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చి ఆగిపోయాయి. ఎక్కడున్నదీ తెలియడం లేదని పలటన్ వాళ్లు చెప్పారు. ఉన్నాడనీ అనలేదు, పోయాడనీ అనలేదు. "నేను నేర్పిన ఇంగ్లీషే వాన్ని తీస్కపోయింది" అని మామగారు నిఘంటువును గుడ్డలో చుట్టి అటక మీద పడేశారు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంటి మనిషి బయట ఉంటే, ఆ మనిషి పళ్లెంలో అన్నం, కూర వడ్డించి, ఇత్తడి మూత పెట్టి వంటింటి గూట్లో ఉంచుతారు. ఎవరి పళ్లెం వాళ్లదే. మూత పెట్టి ఉందంటే ఆ మనిషి వస్తున్నాడని లెక్క. మనిషి చనిపోతే ఆ పళ్లేన్ని కడిగి బోర్లిస్తారు, కర్మ అయ్యేదాకా తిప్పరు. అత్తగారు కొడుకు పళ్లెం బోర్లించలేదు. రోజూ సాయంత్రం వడ్డించి మూత పెట్టేది, పొద్దున్నే తీసి వీధిలో ఆవుకు పెట్టేది. మూత తీస్తే దాని లోపలి వైపు నీటి బొట్లు పట్టి ఉండేవి. ఎవరో లోపల ఊపిరి తీసుకుంటూ పడుకున్నట్టు. ఆ బొట్లంటే నాకు చెప్పలేనంత భయం. బెంగతో అత్తగారు కూడా పోయాక, ఆ పళ్లెం పని నాకు వచ్చింది. కళ్లు మూసుకొని మూత తీసేదాన్ని.

మామగారు మాత్రం అటు చూసేవారే కాదు. వంటింటి గుమ్మం ముందు నుంచి పోవలసి వస్తే తల పక్కకు తిప్పుకొని పోయేవారు. అత్తగారి కర్మ ముగిశాక, ఒక సాయంత్రం అటక మీది నిఘంటువు దించి దుమ్ము దులిపి, "కూసో బిడ్డా, గడప లోపల్నే కూసో" అన్నారు. మా పాఠాలు అలా మొదలయ్యాయి. అప్పటి నుంచే ఆయన పడక దుకాణానికి మార్చుకున్నారు. భోజనం అరుగు మీదే, పాఠం అరుగు మీదే. ఇంట్లో ఒంటరి కోడలు, భార్య పోయిన మామ. బజారు నోరు ఎలాంటిదో ఆయనకు తెలుసు. అందుకని ఏం చేసినా వీధి చూస్తుండగానే చేసేవారు.

మామగారి తమ్ముడు, మా చిన్నమామ, హనుమకొండలో ఉంటాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "అన్నా, ఇంకెన్నొద్దులు సూస్తవు? దర్భల బొమ్మ చేసి పిలగాని కర్మ కానిద్దాం. కోడలికి గూడ చెయ్యవలసింది చేద్దాం." చేయవలసింది అంటే గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, లోపలి గదిలో ఒక మూల కూర్చోబెట్టడం. ఆపైన గడప దగ్గరికి రావడం ఉండదు, పాఠం ఉండదు. పోదామంటే నాకు ఇంకో ఇల్లు లేదు. నేను తలుపు వెనక గోడకు ఆనుకొని, గాజులు చప్పుడు కాకుండా ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకొని వినేదాన్ని. మామగారు ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవారు. "వాని పళ్లెం మూతపెట్టే ఉన్నది గద."

యుద్ధం ముగిశాక ఒక మధ్యాహ్నం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఎవరో దుకాణానికి వచ్చారని ఇత్తడి సామాన్ల ఆయన భార్యే నాకు చెప్పింది. "పలటన్‌ల డ్రైవరంట, సాయిబు. నీ పెనిమిటితోని కలిసి ఉన్నడంట. సేటు ఆయన్ని తోల్కొని ఖిల్లా దిక్కు పోయిండు." నా కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం మామగారు ఒక్కరే వచ్చారు. కాళ్లు కడుక్కోలేదు. ఎన్నడూ వంటింట్లో అడుగు పెట్టని మనిషి నేరుగా వచ్చి, నా చేతిలోంచి కొడుకు పళ్లెం అందుకొని, తనే అన్నం వడ్డించి, తనే మూత పెట్టారు. కోడలి ముందుకు అంత దగ్గరగా రావడం అదే మొదలు.

"మామా, ఆయన జాడ తెలిసిందా?" అన్నాను తల దించుకొని.

"ఇగ నుంచి పళ్లెం నేను పెడత బిడ్డా. నీకు ఫికరొద్దు" అని వెళ్లిపోయారు.

మంచి కబురే వచ్చి ఉంటుందని, ఖాయమయ్యేదాకా చెప్పరని నేను అనుకున్నాను. లేకపోతే అంతవరకు కన్నెత్తి చూడని పళ్లేన్ని తన చేతుల్లోకి ఎందుకు తీసుకుంటారు? మర్నాడు తలలో పూలు కూడా పెట్టుకున్నాను. ఆ పూట గాజుల చప్పుడు విని "వచ్చినవా బిడ్డా" అన్న తర్వాత ఆయన నిఘంటువు తెరిచి పుటలు తిప్పుతూ పోయారు. అప్పుడు, "ఇయ్యాల కీపు" అన్నారు.

కీప్ అంటే ఉంచుకొనుట. అదెంత, రెండు సాయంత్రాల పని అనుకున్నాను. ఆయన పోయేదాకా అది పూర్తి కాలేదు.

మొదట దుకాణంతో ఎత్తుకున్నారు. మనం దుకాణం నడుపుతాం, ఇంగ్లీషువాళ్లు కీప్ చేస్తారు. వాళ్లు పండుగను కీప్ చేస్తారు, మాటను కీప్ చేస్తారు. చివరికి నోరు మూసుకొని కూర్చోవాలన్నా అదే క్రియ కావాలి. ఒకరోజు పాలు విరిగి నేను లోపల గొణుక్కుంటుంటే, అరుగు మీద నుంచి "పాలు కీప్ గాలే" అన్న మాట వినబడింది. చెడిపోకుండా నిలవడం కూడా కీపేనట. "మరి మూత కింద అన్నం?" అని ఊరుకోలేక అడిగాను. వీపు కదలలేదు. "అన్నం కీప్ గాదు బిడ్డా, తెల్లారితె పులుస్తది. గని మనం కీప్ చేస్తం" అన్నారు.

ఇంకొక రోజు, ఆగకుండా నడవడాన్ని కీప్ గోయింగ్ అంటారని చెప్పారు. నాకు చిరాకు వేసింది. "గదేంది మామా, కదలకుంట పట్టుకునుడుకు, ఆగకుంట పోవుడుకు ఒక్కటే మాటనా? వీళ్లకు మాటలు కరువా?" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వితే ఆయన భుజాలు రెండూ పైకి లేచేవి. "పట్టుకున్నదాన్ని ఇడువకుంటనే పోతరు గావచ్చు" అన్నారు. ఇంగ్లీషువాళ్ల కోటల నడుమ, అన్నీ కూలాక ఆఖరున జనం దూరే గట్టి బురుజు ఉంటుందట. దాని పేరూ కీపే. "మన ఖిల్లాల సూడు. తోరణాలు నిలబడ్డయి, నడుమ ఏం లేదు. కావలి ఉన్నది, కాయవలసింది పోయింది" అని, తన మాట తనకే తగిలినట్టు ఆ పూటకు పాఠం ఆపేసి లేచిపోయారు. నేను అలాగే కూర్చుండిపోయాను. ఎందుకు లేచిపోయారో నాకు అర్థం కాలేదు.

పుట్టుక దగ్గరికి వచ్చేసరికి వింత జరిగింది. ‘గో’కు పక్క దేశాల్లో చుట్టాలున్నారు. ‘టేక్’ సముద్రం మీద ఉత్తరాది ఓడల్లో దిగింది. ‘కీప్’ దగ్గర మాత్రం నిఘంటువు చేతులెత్తేసిందట. పుట్టుక తెలియదు, ఇంకే భాషలోనూ దీనికి అక్కచెల్లెళ్లు కనబడలేదు, పాత రాతల్లో ఉన్నట్టుండి వచ్చి నిలబడింది.

"దీనికి పుట్టిల్లు లేదు బిడ్డా."

"నాలెక్కనే" అన్నాను.

"అవు. అయినా సూడు, ఇంగ్లీషోళ్ల ఇంట్ల ఇది లేంది ఒక్క పని నడువది."

నా గురించి ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అంత మంచి మాట అనలేదు. తలుపు వెనక కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఆయన గొంతు సవరించుకొని, మొదట్లో ఈ మాటకు ఉంచుకోవడమని అర్థం లేదని, ఎవరైనా వస్తున్నారా అని కనిపెట్టి ఉండటమే దీని పాత అర్థమని చెప్పారు. "అంటే కాచుకొని ఉండుడు" అన్నాను. కావలి కాసేదీ, దారి కాసేదీ మన మాటలో కూడా ఒకటే కదా. "గదే! గదే బిడ్డా!" అని ఆయన తొడ మీద చరుచుకున్నారు. దారిన పోయే ఎవరో ఉలిక్కిపడి చూశారు.

ఈ క్రియకు బజారులో ఇంకో అర్థం ఉందని నాకు తెలుసు. మామగారు నేర్పలేదు, బజారే నేర్పింది. నేను నీళ్లకు పోతుంటే ఒకసారి వెనక నుంచి ఆ మాట వినబడింది. బిందె దించి, వెనక్కి తిరిగి, అన్నవాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. వాడు సందులోకి తప్పుకున్నాడు. ఆ సంగతి మామగారికి చెప్పలేదు, కానీ ఆయన చెవిన పడే ఉంటుంది. ఆ తర్వాత పాఠం ఇంకా గట్టిగా, వీధంతా వినబడేలా చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పళ్లెం నన్ను మాత్రం బతకనివ్వలేదు. రోజూ పాఠం అయ్యాక ఆయన వడ్డించి, మూత పెట్టి, గూటికి ఒక్క క్షణం చేయి ఆనించి దుకాణానికి వెళ్లిపోయేవారు. ఆ తర్వాత ఇంట్లో నేనూ ఆ మూతా మిగిలేవాళ్లం. సైకిల్ బెల్లు మోగితే లేచేదాన్ని. నా భర్త సైకిల్ గోడకు ఆనించేటప్పుడు హ్యాండిల్ గీసుకొనే చప్పుడు ఒకటి ఉండేది. ఆయన ముఖం మసకబారిపోయినా ఆ చప్పుడు మాత్రం పోలేదు. గోడ మీద పాత గీతలు ఇంకా ఉన్నాయి. ఒక్కోసారి కొత్త గీత పడిందేమోనని పొద్దున్నే వేలితో తడిమి చూసేదాన్ని. మనిషి వస్తాడన్న ఆశ కాదది. వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడేమోనన్న భయం. రాజ్యం మారుతూ ఊరంతా గడబిడైన రోజుల్లో, దుకాణాలు మూసుకొని జనం తలుపులు బిగించుకున్నప్పుడు కూడా, మామగారు ఆ పళ్లెం మానలేదు, పాఠం మానలేదు.

చివరికి ఒకరోజు విసిగిపోయి, "మామా, ఆయన రాకుంటె?" అని అడిగేశాను.

"రాకుంటె గూడ" అన్నారు.

పెద్దతనం వల్ల మతి చలించిందని అనుకున్నాను. ఆ కోపంలో ఆ రోజు పాఠానికి సరిగ్గా జవాబులు చెప్పలేదు. ఆయన పట్టించుకోకుండా, ఒక వాక్యం చెప్పి అర్థం చెప్పమన్నారు. "ఐ కెప్ట్ ఇట్ ఫ్రమ్ హర్." నేను, "ఆమెకు తెల్వకుంట దాచిన" అన్నాను. "సరిగ్గ చెప్పినవ్" అన్నారు. వీధి దీపం వెలిగించేవాడు నిచ్చెన మోసుకొని వచ్చి, వెలిగించి పోయేదాకా అటే చూస్తూ కూర్చున్నారు. ఆ వారమే ఆయన బడికి పోయి పెద్ద పంతులమ్మను కలిశారు. "మా కోడలికి ఇంగ్లీషొచ్చు. మీకు మాట కావాల్నా, పరీక్ష పాసైన కాయితం కావాల్నా?" అని అడిగారట. ఆమె నవ్వి నన్ను రమ్మంది. మొదటి రోజు నేను బడికి పోతుంటే ఆయన దుకాణం ముందు నిలబడి ఉన్నారు. నేను దాటిపోయేదాకా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ బడికే ఇప్పుడు ఆ కబురు వచ్చింది.

కొడుకు లేడు కనుక కర్మ చిన్నమామ చేస్తున్నాడు. చిన్నత్త వచ్చి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. మామగారి పళ్లెం కడిగి బోర్లించింది. పక్కనే నా భర్త పళ్లెం మూతతో ఉంది, అలవాటు కొద్దీ నేను పెట్టినదే. దాన్ని చూసి ఆమె చిన్నమామతో గుసగుసలాడింది. పదోనాటికి ముందు సాయంత్రం చిన్నమామ తీర్పు చెప్పాడు. "రేపు అన్నతోని పాటు పిలగానిది గూడ కానిస్తాన. కోడలా, నువ్వు తయారుగుండు." ఈసారి తలుపు అవతల "వాని పళ్లెం మూతపెట్టే ఉన్నది గద" అనే గొంతు లేదు. నేను గూటి దగ్గర నిలబడి మూత మీద చేయి ఆనించాను. ఇత్తడి ఇంకా గోరువెచ్చగా ఉంది.

అప్పుడే వీధిలో ఎవరో "సేటు ఇల్లు ఇదేనా?" అని అడిగారు. గడప దగ్గరికి వెళ్లాను. నడివయసు మనిషి, తలకు తెల్లటి టోపీ, ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడ్డాడు.

"నేను ఘన్‌పూర్ డ్రైవర్‌ని, చెల్లె. సేటు పోయిండని ఇయ్యాల్నే తెలిసింది. సేటు నాతోని ఒక ఒట్టు వేయించుకున్నడు. ‘నేను బతికున్నన్నొద్దులు ఇంట్ల చెప్పొద్దు, నేను పోయిన తెల్లారి పోయి నా కోడలికి చెప్పు’ అన్నడు. జర ఆలస్యమైంది."

"చెప్పు అన్నా" అన్నాను.

"నీ పెనిమిటి బర్మాలనే పోయిండు చెల్లె. జరం. దవాఖానకు తీస్కపోతాంటె నా బండిలనే, నా చేతులనే పోయిండు. మట్టి గూడ నేనే ఇచ్చిన. గీ మాట ఖిల్లాల కూసోబెట్టి సేటుకు చెప్పిన. శానసేపు ఏడ్సిండు. ఏడ్సి ఏడ్సి, ‘ఇంట్ల తెలిస్తె పిల్ల గాజులు తీస్తరు, పిల్లకు పోను జాగ లేదు, నాలుగు ముక్కలు నేర్సుకొని నిలబడేదాంక ఆగు’ అన్నడు. ‘నేను పోయినంక దాని ఇష్టం’ అన్నడు."

గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. ఆ కన్నీళ్లలో ఏవి భర్తకు, ఏవి మామగారికి అని నేను విడదీయలేను. కొడుకు చావు తెలిసిన రోజు, దుమ్ము కాళ్లతో వంటింట్లోకి వచ్చి, చచ్చిపోయిన కొడుకుకు తన చేత్తో అన్నం వడ్డించిన మనిషి. మర్నాడు నేను పూలు పెట్టుకొని వచ్చి కూర్చుంటే, ఆ వాసన వీపు మీదుగా తగులుతుంటే, "ఇయ్యాల కీపు" అన్న మనిషి. అన్నేళ్లు రోజూ ఆ మూత పెట్టి, తల పక్కకు తిప్పుకోకుండా, ఒక్కడే మోశాడు.

డ్రైవరన్న మంచినీళ్లు తాగి, కళ్లు తుడుచుకొని వెళ్లిపోయాడు. చిన్నమామ లోపలి నుంచి, "ఎవలొచ్చిండ్రు? ఏమంటాండు?" అని కేకేశాడు.

ఏదో ఒకటి చెప్పి పంపవచ్చు. పళ్లెం మళ్లీ మూత పెట్టి ఉంచవచ్చు. నేను లేచి లోపలికి వెళ్లాను. "మీ అన్న కొడుకు బర్మాల పోయిండు మామా. చూసినాయననే వచ్చి చెప్పిండు. రేపు కర్మ చెయ్యుండ్రి. బొమ్మ చేసుకుంటరో, పిండం పెట్టుకుంటరో మీ ఇష్టం. నా గాజుల జోలికి మాత్రం ఎవ్వలు రావద్దు."

చిన్నత్త గుండెలు బాదుకుంది. "లోకం ఏమంటది?" అంది.

"అననీ చిన్నత్తా. మనదేం పోతాంది."

చిన్నమామ అరిచాడు. గూట్లోంచి నా భర్త పళ్లెం తీసుకొని, అందరి మధ్య నుంచి నడిచి, అరుగు మీదికి వచ్చాను. మామగారు కూర్చునే చోట, ఆయనలాగే వీధి వైపు తిరిగి కూర్చున్నాను. మూత తీశాను. ఈసారి కళ్లు మూసుకోలేదు. బొట్లు జారి అన్నంలో పడ్డాయి. వీధి చూస్తుండగా, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఇన్నేళ్లు ఆయన మూత పెట్టి ఉంచింది నాకోసమే. తిన్నాక పళ్లెం కడిగి, తండ్రి పళ్లెం పక్కన బోర్లించాను.

చిన్నమామ వాళ్లు కర్మ చేసి వెళ్లిపోయారు, మళ్లీ ఇటు రాలేదు. ఇది అచ్చులో చూస్తే ఇంకా మండిపడతారు, పడనీ. నేను బడికి పోతున్నాను. ఇంట్లో ఇప్పుడు ఎవరికీ మూత పెట్టడం లేదు. సైకిల్ చప్పుడు కూడా ఈ మధ్య రావడం లేదు.

సాయంత్రం పాఠం వేళకు మాత్రం కాళ్లు ఊరుకోవు. గడప లోపల, తలుపు చాటున, నా చోటికి వెళ్లి కూర్చుంటాను. ఎదురుగా అరుగు ఖాళీగా ఉంటుంది, దాని మీద వీధి దీపం వెలుతురు పడి ఉంటుంది. కొంగు సర్దుకుంటుంటే గాజులు చప్పుడవుతాయి. ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడి, చేయి కదపకుండా, "వచ్చినవా బిడ్డా" అన్న మాట కోసం కాచుకొని ఉంటాను.